‘పదమూడో ఎక్కం’: పర్లాకిమిడి హైస్కూల్లో మా దెయ్యం సినిమా, ప్రాజెక్టు డైరీ

ఆషాఢం: కథ కుదిరింది

స్క్రిప్టు ఒక రూపానికొచ్చింది కాబట్టి ఇవాళ్టి నుంచి డైరీ రాస్తున్నాను. సినిమా పేరు ‘పదమూడో ఎక్కం’. నిడివి నలభై నిమిషాల లోపు. దెయ్యం ఉంది, ఒకదాని వెనక ఒకటిగా హత్యలున్నాయి, పొట్ట పట్టుకుని నవ్వే సీన్లున్నాయి. అంతా ఒకే రాత్రి, ఒకే బడిలో జరుగుతుంది.

కథ ఇది. వాన వదలక రాత్రిపూట బడిలోనే చిక్కుకుపోయిన పదో తరగతి పిల్లలు. ఎప్పుడో పోయిన లెక్కల మాస్టారు తిరిగొస్తాడు. చేతిలో నల్లబల్ల మీద సున్నాలు చుట్టే పెద్ద చెక్క కంపాసు, దానికి ములుకు. నోటుబుక్కులో తప్పు లెక్క కనబడిందా, ఆ పిల్లాడి పని అయిపోయినట్టే. ఒక్క మినహాయింపు ఉంది. ఎక్కం అప్పజెప్తున్నవాణ్ణి ఆయన మధ్యలో ఆపడు. బతికున్నన్నాళ్ళూ ఆయనకది నియమం, పోయాక కూడా అదే నియమం. అందుకని పిల్లలు ఎక్కాలు చదువుతూ పరిగెడతారు. ఒకటి అయిపోగానే ఇంకోటి అందుకోవాలి. పన్నెండో ఎక్కం దాకా అందరికీ వచ్చు.

ఈ నియమం దొరికాకే కథ కదిలింది. “పన్నెండు తొమ్ముదులు నూట ఎనిమిది” అని అరుస్తూ మెట్లెక్కే కుర్రాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. తర్వాతి ఎక్కం వాడికి రాదని మనకి ముందే తెలుసు కాబట్టి భయమూ వేస్తుంది. రెండూ ఒకే చోట పుట్టాలి. నవ్వు కోసం ఒక సీను, భయం కోసం ఇంకో సీను అని విడివిడిగా పేర్చిన దెయ్యం సినిమాలు నాకు నచ్చవు.

స్క్రిప్టు మొదటి పేజీలో అందరం కలిసి రాసుకున్న మాట ఒకటుంది: మాస్టారు జోకులెయ్యకూడదు. ఆయన మొహంలో నవ్వు రాకూడదు, వెటకారం రాకూడదు. ఆయనకి లెక్కలంటే ప్రాణం, పిల్లలు తప్పు చేస్తే నిజంగా బాధ. బతికున్నవాళ్ళే కంగారుపడి, అబద్ధాలాడి, ఒకళ్ళ వెనక ఒకళ్ళు దాక్కుని నవ్విస్తారు. ఇది నా గట్టి నమ్మకం. దెయ్యం ఒక్కసారి పంచ్ డైలాగు వేసిందంటే ఆ తర్వాత దానికి ఎవరూ భయపడరు.

వానరాత్రి అనగానే మా జిల్లాలో ఎవరికైనా 2018 అక్టోబరు గుర్తొస్తుంది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఒడిశాలోని మా గజపతి జిల్లా కొండల్ని కోసేసింది, కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. సినిమాలో ఆ పేరు ఎక్కడా రాదు. తుపాను అనే మాటే తీసేశాం. ఇది వట్టి ముసురు, అంతే. ఇక్కడి జనం ఇంకా మోస్తున్న దుఃఖాన్ని మా కథకి సరంజామాగా వాడుకోం.

ఆగస్టు 29: స్క్రిప్టు చదువుకున్నాం

కావాలనే ఈ రోజు పెట్టుకున్నాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టినరోజు. ఆయన 1880లో ఈ ఊరికే బడి మాస్టారుగా వచ్చారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరవాళ్ళ భాష నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి ఊళ్ళో సినిమా తీస్తూ పిల్లల చేత పుస్తకాల భాష మాట్లాడిస్తే ఎలా? మా పాత్రలు “ఏటిరా”, “ఒగ్గీ”, “నాకు తెల్దు మాస్టారూ” అనే అంటాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ, కొండ దిగి వచ్చినవాళ్ళతో వచ్చినంత సవర. మేం బతికే తీరు ఇది, సినిమాలోనూ ఇలాగే ఉంటుంది.

చదువుతున్నప్పుడు అందరూ పడి పడి నవ్వింది గుణియా సీనుకి. మా వైపు దెయ్యం వదిలించేవాణ్ణి ఒడియాలో గుణియా అంటారు. వాచ్‌మన్ వెళ్ళి ఒకాయన్ని పట్టుకొస్తాడు. ఆయన నిమ్మకాయలు, వేపమండ పట్టుకుని కూర్చుని ఒడియాలో గద్దిస్తాడు. మాస్టారుకి ఒడియా రాదు. మధ్యలో ఒక కుర్రాడు రెండు భాషలూ అందిస్తుంటాడు.

“తు కిఏ? తో నాఁ కణ?”

“మాస్టారూ, మీరెవరు, మీ పేరేటి అని అడుగుతున్నాడండి.”

“హోంవర్కు తెచ్చాడేమో అడుగు.”

కుర్రాడు ఇది ఒడియాలో చెప్పేలోపే మాస్టారు లాంతరెత్తి గుణియా మొహంలోకి చూస్తాడు. “ఏరా, నువ్వు వెనక బెంచీ వాడివి కదూ?”

అంతే, గుణియా నోట్లోంచి తెలుగు ఊడిపడుతుంది. “తప్పయిపోనాది మాస్టారూ. ఈపాలికి ఒగ్గీండి. రేపు తెస్తాను.”

ఇందులో మాస్టారు వేసిన జోకు ఒక్కటీ లేదు. పాత శిష్యుణ్ణి గుర్తుపట్టాడు, హోంవర్కు అడిగాడు. అందుకే పండింది.

అందరి ముందూ ఒక మాట తేల్చుకున్నాం. తెర మీద పదో తరగతి పిల్లలే అయినా వేసేవాళ్ళంతా డిగ్రీ చదివేవాళ్ళు. రక్తం, కత్తిపోటు ఉన్న సీన్ల దగ్గరికి నిజం బడిపిల్లల్ని రానివ్వం.

భాద్రపదం: చివరిదాకా మిగిలే అమ్మాయి

ఇలాంటి కథల్లో ఆఖరికి ఒకమ్మాయి మిగులుతుంది. మా సినిమాలో ఆమె సవర అమ్మాయి, కొండ మీద ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే క్లాస్ ఫస్టు. కొండ మనుషులనగానే మంత్రాలు, తాయెత్తులు అంటగట్టడం సినిమాలకి అలవాటు. మాది తిరగేశాం. మంత్రాలవాడు టౌను మనిషి, లెక్కలు తెలిసింది కొండపిల్ల.

మొదట్లో క్లైమాక్సు ఇలా ఉండేది: ఆమెకి పదమూడో ఎక్కం వచ్చు, కాబట్టి బతుకుతుంది. బాగానే ఉంది గానీ పద్నాలుగు తర్వాత పదిహేను, పదిహేను తర్వాత పదహారు. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆ పాత్ర వేస్తున్న అమ్మాయే దారి చూపించింది. సవరకి సొంత లిపి ఉంది, సొరాంగ్ సొంపెంగ్. 1936లో మంగెయి గొమాంగొ తయారుచేశాడు. దానికి అంకెలు కూడా వేరే ఉన్నాయి. “అన్నా, లెక్క ఆ అంకెల్లో చేస్తే మాస్టారు ఎలా దిద్దుతాడు?” అంది.

గది మొత్తం ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత అందరం ఒకేసారి మాట్లాడాం.

ఇప్పుడు క్లైమాక్సు ఇది. ఆమె లెక్క చేసి నోటుబుక్కు చాపుతుంది. మాస్టారు ఎర్ర కలం తీస్తాడు. చదవలేడు. తప్పని తేలకుండా శిక్ష వెయ్యడం ఆయన పద్ధతి కాదు. కంపాసు పక్కన పెట్టి బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంటాడు. “ఇది ఒకటా?” అని అడుగుతాడు. తెల్లారేదాకా నేర్చుకుంటూనే ఉంటాడు. ఒక మాస్టారు సవరవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోవడం ఈ ఊళ్ళో నిజంగా జరిగిన సంగతే. మా దెయ్యానికి అంతకంటే మంచి ముక్తి దొరకదు.

ఆ అమ్మాయి ఒక షరతు పెట్టింది. ఆ అక్షరాల్ని దేవుడిగా కొలిచేవాళ్ళున్నారు. అందుకని నల్లబల్ల మీద రాసి డస్టరుతో తుడవకూడదు, నేల మీద రాయకూడదు, వాటి మీద ఎర్ర చుక్క పడకూడదు. ఒప్పుకున్నాం. నోటుబుక్కులో మాత్రమే, ఆమె చేత్తో మాత్రమే. షూటింగయ్యాక ఆ పుస్తకం ఆమే పట్టుకెళ్తుంది.

కంపాసు

నిజం కంపాసు రెండు చెక్క కాళ్ళు, ఒకదానికి సుద్దముక్క పట్టే కన్నం, ఇంకోదానికి ములుకు. వడ్రంగి చేత మూడు చేయించాం. ఒకటి అసలుది, నల్లబల్ల మీద సున్నా చుట్టే షాట్లకి. రెండోది బూరుగు కర్రది, తేలిక, పట్టుకుని పరిగెత్తడానికి. మూడోదానికి ములుకు బదులు హవాయి చెప్పు కోసి చెక్కిన రబ్బరు మొన, పైన నల్ల పెయింటు. మనిషి దగ్గరికి వెళ్ళేది ఆ మూడోది ఒక్కటే. సెట్లో ఏది ఎవరి చేతిలో ఉందో చూసుకోవడమే ఒకరి పని, ఇంకే పనీ అప్పజెప్పం.

దగ్గర షాటులో రబ్బరు రబ్బరులాగే కనిపిస్తుంది. దానికి మా ఊళ్ళోనే మందు దొరికింది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరు. కొమ్ము వేడికి మెత్తబడుతుంది, వంచి చల్లారనిస్తే ఆ వంపు అలాగే నిలుస్తుంది, రుద్దేకొద్దీ నిగారిస్తుంది. ఆ పనిచేసే పెద్దాయన ఒక ములుకు చేసిచ్చారు. నల్లగా, మొనకొచ్చేసరికి కాస్త తేనెరంగు తేలి ఉంది. లాంతరు వెలుగులో తిప్పితే దాని మీద సన్నగా ఒక గీత మెరుస్తూ జారుతుంది. ఇనుము మీద ఆ మెరుపు రాదు. ఎందుకని అడిగారు, చెప్పాను. “లెక్కల మాస్టారా బాబూ, అయితే సూది నిటారుగా ఉండాల” అని ఇంకోసారి సానపట్టి ఇచ్చారు.

పొడిచే షాట్లు వెనక్కి తీస్తున్నాం. మొన చొక్కాకి ఆనించి మొదలుపెట్టి, మాస్టారు వేగంగా చెయ్యి వెనక్కి లాగుతాడు. ఎడిటింగులో తిరగేస్తే దూసుకొచ్చి దిగినట్టుంటుంది, మొన సరిగ్గా అనుకున్నచోట ఆగుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. పొడిపించుకునేవాడు మాత్రం ముందు నొప్పి మొహం పెట్టి, తర్వాత మామూలు మొహంలోకి రావాలి. దాన్ని అద్దం ముందు సాధన చేయించాలి. షాటులో సుద్దపొడి రాలకూడదు, పొగ ఉండకూడదు. తిరగేసినప్పుడు పైకెగిరి గుట్టు బయటపెడతాయి.

దసరా సెలవులు: షూటింగు, రక్తం

పూజ సెలవుల్లో బడి మాకిచ్చారు. గోడలకి మేకు కొట్టకూడదు, బల్లలు ఎక్కడివక్కడ పెట్టాలి, బడి పేరు సినిమాలో రాకూడదు. సబబైన షరతులే.

రక్తం గురించి వివరంగా రాస్తాను, ఇంతవరకూ నాకు బాగా ఆనందమిచ్చిన పని ఇదే.

ఒంటి మీద వాడేది ఒక రకం. బేకరీలవాళ్ళు వాడే లిక్విడ్ గ్లూకోజు, ఎర్ర ఫుడ్ కలరు, చిటికెడు కోకో పొడి, నీలం ఒక్క చుక్క. కోకో లేకపోతే షర్బత్తులా కనిపిస్తుంది. నీలం లేకపోతే లైటు కింద నారింజలోకి పోతుంది. గిన్నెలు తోమే లిక్విడు కొద్దిగా కలిపితే యూనిఫాం ఉతకడం తేలిక, కాకపోతే ఆ రకం నోటి దగ్గరికి రానివ్వకూడదు. చీమలు మాత్రం విపరీతంగా పడతాయి. షాటుకీ షాటుకీ మధ్య చొక్కాలు దండెం మీదే ఉండాలి.

రెండో రకం గోడ మీద, చార్టు మీద కారే రక్తం. దానికి దిష్టి తీసే ఎర్రనీళ్ళే! పసుపు నీళ్ళలో తాంబూలం సున్నం కలిపితే చూస్తూండగానే ఎర్రబడుతుంది. పసుపులో కుర్కుమిన్ అనే పదార్థముంది, క్షారం తగిలితే దాని రంగు మారుతుంది. పెళ్ళిళ్ళలో హారతి పళ్ళెంలో చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. సున్నం చర్మానికి, కళ్ళకి మంచిది కాదు కాబట్టి ఇది మనుషుల మీద వెయ్యం.

అసలు మజా ఇక్కడుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం పడితే పులుపు సున్నాన్ని చంపేసి మళ్ళీ పసుపురంగొస్తుంది. గుణియా చేతిలో నిమ్మకాయ ఉండనే ఉంది. స్క్రిప్టులో ఒక్క వాక్యం కలిపాం: మాస్టారు చార్టు మీద ఎర్రగా ఇంటూ కొడతాడు, గుణియా నిమ్మకాయ పిండుతాడు, ఇంటూ పసుపైపోతుంది.

తీసిన తీరు ఇలా. తెల్ల చార్టు మీద కుంచెతో ఎర్రనీళ్ళు గీశాం. లైటు పక్కనుంచి, బాగా కింద నుంచి, తడి మెరిసేలా. నిమ్మరసం గుడ్డలో వడగట్టి సిరంజిలోకి తీసుకున్నాం, పైన ఫ్రేములో గుణియా పిండుతున్న చెయ్యి. మొదటి బొట్టు పడ్డచోట పసుపు చుక్క పొడుచుకొచ్చింది. దాని అంచున సన్నటి నారింజ వలయం, వలయం పెద్దదవుతూ గీత పొడవునా పాకింది. గ్రాఫిక్సు లేదు, కట్ లేదు. మానిటరు చుట్టూ ఉన్నవాళ్ళంతా “ఓలమ్మో” అన్నారు, ఆ గొంతులన్నీ సౌండులో పడ్డాయి. సౌండు ఎలాగూ తర్వాత వేస్తాం కదా, నాకు బాధ లేదు.

చెయ్యబోయేవాళ్ళకి ఒక జాగ్రత్త. పసుపు సున్నంలో ఎక్కువసేపు నిలవదు. కాసేపటికే ఎరుపు చచ్చి మట్టిరంగులోకి దిగిపోతుంది. షాటు రెడీ అన్నాకే కలపాలి. బట్టకి అంటిన పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది.

దసరా సెలవులు: వెలుతురు

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చోకు ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. కంటికి కనబడదు గానీ కెమెరా షట్టరు సెకనులో 1/60 వంతు తెరుచుకునేలా ఉంటే తెర మీద నల్లటి పట్టీలు పాకుతాయి. సెకనుకి 24 ఫ్రేములు తీసేటప్పుడు 1/50 పెడితే ప్రతి ఫ్రేములో రెండేసి మిణుకులు సరిగ్గా పడి పట్టీలు పోతాయి. ఫోనుతో తీసేటప్పుడు ఆటోలో వదలకుండా షట్టరు లాక్ చెయ్యాలి.

దెయ్యం వచ్చేముందు లైటు కొట్టుకోవాలి కదా. దానికి ఎలక్ట్రికల్ షాపులో చెత్తబుట్టలో పడేసిన పాత స్టార్టర్లు తెచ్చుకున్నాం. పాడైన స్టార్టరు పెడితే ట్యూబు వెలగబోయి ఆరి, మళ్ళీ వెలగబోయి ఆరి, చివర్లు ఎర్రగా కాలుతూ దానంతటదే నటిస్తుంది. ఒక్కో స్టార్టరుది ఒక్కో లయ. మాస్టారు తలుపు దగ్గరికొచ్చే సీనుకి నాకు నచ్చినదాని మీద మార్కరుతో ‘మాస్టారు’ అని రాసి దాచాం.

పొగకి సుద్దపొడి ఎగరేద్దామన్నారు ఒకరు. పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, వద్దన్నాను. గుగ్గిలం పొగ వేశాం, ఒడియా ఇళ్ళలో ఝుణా అనేది. తలుపులు వేసి కాసేపు ఆగితే పొగ పలచగా, సమంగా పరుచుకుంటుంది. కిటికీ ఊచల్లోంచి వచ్చే లైటు చారలు చారలుగా నిలబడుతుంది.

మాస్టారు నడవడు, జారతాడు. పంచె అంచు కింద కనబడకుండా బేరింగుల బండి, చిన్నప్పుడు అందరం తొక్కిందే. వరండా సిమెంటు మీద బేరింగులు గోల చేస్తాయని సైకిల్ ట్యూబు తొడిగాం. ఇద్దరు తాడు పట్టుకుని లాగుతారు. మాస్టారు వేషం వేస్తున్న బావ రంగస్థలం మనిషి, పాతపట్నం నుంచి వస్తాడు. బండి మీద నిలబడి ఒళ్ళు కదపకుండా, కంటిరెప్ప వెయ్యకుండా, కంపాసు గుండెకానించుకుని వస్తుంటే వరండా చివర్న నిలబడ్డ నాకు ఒళ్ళు జలదరించింది. తాడు లాగుతున్నది నేనే!

కార్తీకం: శబ్దం

పొడిచిన చప్పుడుకి బూడిద గుమ్మడికాయ. తొక్క గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది కాబట్టి మొదట “టక్”, వెంటనే తడిగా “చక్” వస్తుంది. ఎముకకి చెరకుముక్క విరిచాం. మా పిన్ని గుమ్మడికాయ ఊరికే పోనివ్వనంది. ముందు యూనిట్ అందరినీ నిలబెట్టి దిష్టి తీసి, “ఇప్పుడు పొడుచుకోండిరా” అని ఇచ్చింది. పద్ధతిగానే అనిపించింది, ఇన్ని రాత్రులు చావుల సీన్లు తీశాం కదా.

సుద్ద కీచుమనే చప్పుడు ఈ సినిమాకి ప్రాణం. మాస్టార్లు రాసేముందు సుద్దని సగానికి విరుస్తారు, కీచు రాకుండా. మేం విరవని కొత్త సుద్దముక్కని బల్లకి నిటారుగా పట్టుకుని మెల్లగా లాగాం. పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది, ఆ వణుకే కీచు. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చప్పుళ్ళకి చాలా చురుగ్గా ఉంటుంది. మిక్సింగులో అక్కడ కాస్త పెంచి, కింది భాగం కోసేశాం. ఇంకా పెంచొచ్చు గానీ పెంచను. జనం చెవులు మూసుకుంటే పిల్లాడు వల్లించే ఎక్కం వినబడదు.

మాస్టారు రాకకి ముందు రైలు కూత. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు వేశారు, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడు అదే దారిలో పెద్దరైలు. కథలో మాస్టారు చిన్నరైలు దిగి బడికొచ్చే రోజుల మనిషి, ఆయనకింకా ఆ కూతే గంట. పాత కూత ఎక్కడా శుభ్రంగా దొరకలేదు. వేర్వేరు పొడవుల వెదురు గొట్టాలు ఇద్దరు కలిసి ఊదగా, దాన్ని మెట్ల కింద మైకు పెట్టి పట్టుకున్నాం. ఊరి పెద్దవాళ్ళకి వినిపిస్తే ఒకాయన “ఇంకొంచెం బొంగురు” అన్నారు. ఒక గొట్టంలో తడిగుడ్డ కుక్కాం, అప్పుడు ఒప్పుకున్నారు.

మార్గశిరం: ఎడిటింగు

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లో చేస్తున్నాం. రఫ్ కట్ మా మేడ మీద గోడకేసి వీధివాళ్ళకి చూపించాం. నేను తెర చూడలేదు, జనాన్ని చూశాను.

పన్నెండో ఎక్కం కుర్రాడి సీను. వాడు మెట్లెక్కి పైన గదిలో దూరి, గడియ పెట్టి, “పన్నెండు పదులు నూటయిరవై” అని ఊపిరి పీల్చుకుంటాడు. చీకట్లోంచి మాస్టారు గొంతు: “పదమూడొకట్ల?” ఇక్కడ మేడంతా నవ్వింది. ఆ నవ్వులో “పదమూడు... పదమూడు రెళ్ళు ఇరవైయారు...” అని వాడి నత్తి ఎవరికీ వినబడలేదు, కంపాసు దిగిన చప్పుడు కూడా కలిసిపోయింది. చావు వృథా అయింది. గోడ మీద తెరకీ లాప్‌టాప్‌కీ తేడా ఇదే, ఒక్కడూ కూర్చుని ఎడిట్ చేస్తుంటే ఈ నవ్వు లెక్కలోకి రాదు.

ఇప్పుడు మాస్టారు గొంతు తర్వాత కుర్రాడి మొహం మీద నిలబెట్టాం. మాట లేదు, వాన చప్పుడొక్కటే. నవ్వు పైకి వెళ్ళి దిగడానికి చోటిచ్చాం. దిగాక వాడు మొదలుపెడతాడు. పదమూడు మూళ్ళు, నాలుగులు వస్తాయి, మనకీ ధైర్యమొస్తుంది. “పదమూడేళ్ళు...” దగ్గర ఆగుతాడు. తొంభైయొకటి అని చూసేవాళ్ళే గొణుగుతారు. రెండోసారి చూపించినప్పుడు ముందు వరసలో పిల్లలు నిజంగానే పైకి అరిచి చెప్పారు! వాడికి వినబడదు కదా. ఆ తర్వాత కంపాసు చప్పుడుకి మేడ మీద ఒక్కరూ నవ్వలేదు.

పన్నెండు ఫ్రేములంటే అర సెకను. చెప్పుకోడానికి ఏముంది అనిపిస్తుంది గానీ ఈ సీను బతుకంతా అలాంటి అర సెకన్ల మీదే ఉంది.

చూసినవాళ్ళలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. చివర్లో దెయ్యం బెంచీ మీద కూర్చుని అంకెలు నేర్చుకునే సీనుకి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “కంపాసు ఆయన కుడివైపు పెట్టండి బాబూ, మళ్ళీ ఎత్తడానికి కాదు, అలవాటు” అన్నారు. ఆ ఒక్క షాటు మళ్ళీ తియ్యాలి.

పుష్యం: మిగిలిన పని

హాల్లో టికెట్టు పెట్టి వెయ్యాలంటే సెన్సారు సర్టిఫికెట్టు కావాలి. 2023లో సినిమా చట్టం సవరించాక యూఏలో, అంటే పిల్లలు పెద్దవాళ్ళ సలహాతో చూడొచ్చనే సర్టిఫికెట్టులో, వయసుని బట్టి 7+, 13+, 16+ అని మూడు మెట్లున్నాయి. మాకు 13+ వస్తే చాలు, పదో తరగతి పిల్లలు చూడాలి కదా ఈ సినిమా. అందుకే కంపాసు దిగే క్షణాన్ని చాలాచోట్ల నీడలో, చప్పుడులో చెప్పాం. అది రాజీ అనుకోను, గుమ్మడికాయ చప్పుడు తెరమీది రక్తం కంటే ఎక్కువ పనిచేస్తోంది.

సబ్‌టైటిల్స్ మొదలయ్యాయి. తెలుగు మాటలకి కింద ఒడియా, ఒడియా మాటలకి కింద తెలుగు. గుణియా సీనులో మాత్రం కుర్రాడు అనువదించేదాకా సబ్‌టైటిల్ ఆపుతున్నాం, మాస్టారుకి తెలిసినప్పుడే చూసేవాళ్ళకీ తెలియాలి. సవర అంకెలకి ఏ భాషలోనూ సబ్‌టైటిల్ ఉండదు. ఆయన నేర్చుకునేకొద్దీ జనం కూడా నేర్చుకుంటారు. అందుకోసం ఆ సీనులో ఆమె ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వరసగా, తొందర లేకుండా రాసే షాటు పొడిగించమని అడిగాను. కంపాసు కుడివైపు పెట్టే షాటుతో పాటు అది కూడా సంక్రాంతి సెలవుల్లో తీస్తాం. పాతపట్నం బావకి కబురు చేశాను, బేరింగుల బండికి కొత్త ట్యూబు తొడగాలి.